పరిగ చేపల కేసు

ప్రొబేషన్ ఆఫీసర్లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. రిపోర్టులో ‘నేరానికి కారణాలు’ అన్న గడిలో ఏం రాయాలని అడుగుతారు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ గడి నింపి రిటైరైనదాన్ని కాబట్టి నా దగ్గర ఏదో మంత్రం ఉంటుందని వాళ్ళ నమ్మకం. మంత్రమేమీ లేదు. రిటైర్మెంటు ఇంకో పది నెలలుందనగా ఆ గడిలో నేను చేసిన వెధవ పని మాత్రం ఒకటుంది. దాని వల్ల ఏలూరు కోర్టు హాలు మొత్తం నన్ను చూసి నవ్వింది. వాళ్ళకు పనికొచ్చేది ఏదైనా ఉంటే అందులోనే ఉంటుంది కాబట్టి అదే చెబుతాను.

మా ఉద్యోగం గురించి తెలియనివాళ్ళకు ముందు ఒక ముక్క. ఎవరైనా మొదటిసారి చిన్న నేరం చేసి ఒప్పుకుంటే, వెంటనే శిక్ష వెయ్యకుండా మేజిస్ట్రేటుగారు మమ్మల్ని అడుగుతారు. ఈ మనిషి ఎవరు, ఎలాంటి ఇంట్లో పెరిగింది, ఎందుకు చేసింది, వదిలేస్తే మళ్ళీ చేస్తుందా అని. మేము వాళ్ళ ఊరెళ్ళి, ఇంటివాళ్ళతోనూ ఇరుగుపొరుగుతోనూ మాట్లాడి రిపోర్టు ఇవ్వాలి. ఇవ్వాల్సింది అలాగే.

నేను సోషియాలజీలో ఎం.ఏ. చేశాను. మాది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్టున్న వైశ్య కుటుంబం. ఆడపిల్ల దొంగల గురించి చదవడమేమిటని మా నాన్నగారు కొన్నాళ్ళు విస్తుపోయి, తరవాత కొట్టుకొచ్చిన ప్రతివాడికీ గొప్పగా చెప్పుకున్నారు. మా ప్రొఫెసరుగారు నేరం మనిషి పుర్రెలో ఉండదు, వీధిలో ఉంటుంది అనేవారు. అందరికీ ఒకే ఆశ పెట్టి కొందరికే దారి వదిలే సమాజంలో, దారి లేనివాడు గోడ దూకుతాడట. నేరం కూడా వడ్రంగం లాంటిదేనట, పక్కనున్నవాళ్ళ దగ్గర నేర్చుకుంటారట. ఇంటితోనూ ఊరితోనూ ముడి తెగినవాడికి తప్పు చెయ్యడం తేలికట. ఒకసారి దొంగ అని ముద్ర వేస్తే ఆ ముద్రకు తగ్గట్టే బతుకుతాడట. నాకు ఇవన్నీ ఎంత నచ్చాయంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రతి దొంగలోనూ ఒక సిద్ధాంతం కనపడి పులకించిపోయేదాన్ని.

ఆ పులకింత పదేళ్ళుంది. తరవాత కేసులు పెరిగాయి, మోకాళ్ళు అరిగాయి. సిద్ధాంతాలన్నీ అరిగి అరిగి నాలుగు మాటలై కూర్చున్నాయి. బీదరికం, నిరక్షరాస్యత, చెడు సావాసం, కుటుంబ విచ్ఛిన్నం. ఏ కేసు వచ్చినా ఈ నాలుగింటిలో మూడు వేసేదాన్ని, ఉప్పు కారం పసుపు వేసినట్టు. మా ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరుగారు ఒకాయన ఉండేవారు. చాలా మర్యాదస్తుడు, చాలా వేగస్తుడు. పాత రిపోర్టు తీసి పేరు మార్చి కొత్త రిపోర్టు తయారు చెయ్యడంలో ఆయన్ని మించినవారు లేరు. "మేడమ్, మీరు టీ తాగి వచ్చేలోపు పెట్టేస్తానండి" అనేవారు. పెట్టేసేవారు కూడా. నేను సంతకం చేసేసేదాన్ని.

అలాంటి రోజుల్లో కొల్లేరు లంక ఊరొకదాని నుంచి తొమ్మిదిమంది ఆడవాళ్ళ కేసు వచ్చింది. చేపల చెరువులో దిగి చేపలు దొంగిలించారన్నది అభియోగం. చెరువు లీజుకు తీసుకున్న ఆసామి ఫిర్యాదు చేశాడు. కోర్టులో మేజిస్ట్రేటుగారు అడిగితే తొమ్మిదిమందీ ఏమాత్రం తడుముకోకుండా పట్టామండి అన్నారట. ఒకావిడైతే తాను ఎన్ని పట్టిందో కూడా చెప్పబోయిందట. ఒప్పుకున్నారు కాబట్టి ఇక శిక్ష ఒక్కటే మిగిలింది. దానికి ముందు మా రిపోర్టు అడిగారు.

నేను వెళ్ళలేదు. గుండుగొలను దాటాక రోడ్డు, రోడ్డు దాటాక గట్టు, గట్టు దాటాక ఏముందో తెలియని ఊరు. పంచాయతీ ఆఫీసుకు ఫోన్ చేసి వయసులూ పేర్లూ తీసుకున్నాను. తొమ్మిదిమందికీ ఎవరి రిపోర్టు వాళ్ళకు తయారు చెయ్యమని ఆపరేటరుగారికి చెప్పి టీ తాగడానికి వెళ్ళాను.

వాయిదా రోజు కోర్టు హాలు నిండిపోయింది. తొమ్మిదిమంది ఆడవాళ్ళూ గోడవారగా వరసగా నిలబడ్డారు. ఉతికిన చీరలు, తలలో కనకాంబరాలు. పెళ్ళికొచ్చిన ఆడపెళ్ళివారిలా ఉన్నారు. వాళ్ళ వెనక గుమ్మం బయట మగవాళ్ళు, చంకలో పిల్లలు, టిఫిన్ క్యారేజీలు. ఒక పక్క బెంచీ చివర ఫిర్యాదుదారు ఒక్కడే కూర్చున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, ఎవరివైపూ చూడడు.

మేజిస్ట్రేటుగారు నెమ్మదస్తులు. గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. మొదటి రిపోర్టు తెరిచారు. అది వరసలో మొదట నిలబడ్డ పెద్దావిడది. అరవై ఎనిమిదేళ్ళు, చేపముల్లంత సన్నటి మనిషి, చెవులకు పెద్ద కమ్మలు. ఆయన చదవడం మొదలుపెట్టారు. ముద్దాయి చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని, చదువు మధ్యలో మాని, చెడు స్నేహాలకు లోనై... అక్కడ ఒక్క క్షణం ఆగారు. తరవాత అదే గొంతుతో, మోటారు సైకిళ్ళ మీద విపరీతమైన మోజు పెంచుకుని, అని చదివారు.

అంతకు ముందు నెల తణుకులో బైకులు ఎత్తుకుపోయిన కుర్రాడి రిపోర్టు అది. ఆపరేటరుగారు పేరు మార్చారు, వయసు మార్చారు. మోజు మార్చడం మరిచిపోయారు. నేను చదవడమే మరిచిపోయాను.

పెద్దావిడ పక్కావిణ్ణి మోచేత్తో పొడిచి, "ఏటంటన్నారే? నాకు మోటారు సైకిలు ఇప్పిత్తారంటా?" అని అడిగింది. గుసగుసగానే అడిగింది కానీ కొల్లేరువాళ్ళ గుసగుస నీళ్ళ మీద అవతలి గట్టుకు వినపడేది. హాలు గొల్లుమంది. ప్లీడర్లు గౌన్లు అడ్డం పెట్టుకున్నారు. బెంచి క్లర్కుగారు బల్ల కిందికి వంగి పడిపోని పెన్ను వెతికారు.

మేజిస్ట్రేటుగారు నవ్వలేదు. రెండో రిపోర్టు తీశారు. అది ముప్పై ఏళ్ళ అంగన్‌వాడీ టీచరుది. భర్త విడిచిపెట్టినందున కుటుంబం విచ్ఛిన్నమై, అని చదివేసరికి గుమ్మం దగ్గర క్యారేజీ పట్టుకుని నిలబడ్డ మనిషి చెయ్యెత్తి, "నేనిక్కడే ఉన్నానండి, ఎక్కడికీ పోలేదండి" అన్నాడు. రెండోసారి గొల్లుమంది. ఈసారి డవాలా బంట్రోతు సైలెన్స్ అనడానికి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

మేజిస్ట్రేటుగారు తొమ్మిది రిపోర్టులూ ఒకదాని మీద ఒకటి సరిచేసి పక్కన పెట్టి, నావైపు చూశారు. "మేడమ్ గారూ, ఈ పెద్దావిణ్ణి మీరు ఎప్పుడైనా చూశారా?"

"ఇప్పుడే చూస్తున్నానండి" అన్నాను. అబద్ధం చెప్పడానికి కూడా ఒక వ్యవధి కావాలి, ఆయన అదివ్వలేదు.

"పది రోజులు టైమిస్తున్నాను. వెళ్ళి చూసి రండి" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

వరండాలో నేను గోడకానుకుని నిలబడి చెమట తుడుచుకుంటుంటే అంగన్‌వాడీ టీచరు వచ్చింది. ఆమె మాత్రం నవ్వడం లేదు. దొంగతనం కేసు పడిందని డిపార్టుమెంటు సంజాయిషీ నోటీసు ఇచ్చిందని, శిక్ష పడితే ఉద్యోగం పోతుందని చెప్పింది. డిగ్రీ పాసైన పిల్ల. ఊళ్ళో ఇరవైమంది చిన్నపిల్లలు ఆమె చేతి మీదే అక్షరాలు దిద్దుతున్నారు. "నా భర్త నన్ను వదిలేశాడని రాసినా ఫరవాలేదండీ. దొంగ బుద్ధి ఉందని మాత్రం రాయకండి" అంది. నేను అప్పటికి కొన్ని వందల రిపోర్టులు రాశాను. ఎవరూ నన్ను ఏదీ రాయవద్దని అడగలేదు. బహుశా వాళ్ళెవరూ అవి చదివి ఉండరు. నేనూ చదవలేదు కదా.

ఆపరేటరుగారు ఆ సాయంత్రం రాజీనామా చేస్తానన్నారు. సంతకం నాది కాబట్టి ముందు నేను చెయ్యాలని చెప్పి ఇద్దరం కలిసి టీ తాగాం.

నాలుగో రోజు పొద్దున్నే బయలుదేరాను. ఏలూరు నుంచి ఆటో, గట్టు మీద నడక. గట్టుకు అటూ ఇటూ కంటికి అందినంత మేరా చెరువులు, ఒడ్డున నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు, నీటి మీద గూడకొంగలు. పెద్దావిడ ఇంటి అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టారు. తొమ్మిదిమందీ వచ్చారు. వాళ్ళతో పాటు ఊరు కూడా వచ్చింది. నేను కళ్ళద్దాలు పెట్టుకుని, కాగితం తీసి, మా ప్రొఫెసరుగారిని తలుచుకుని, ఒక్కొక్క కారణమే అడగడం మొదలుపెట్టాను.

బీదరికం గురించి అడిగాను. పెద్దావిడ నొచ్చుకుంది. రెండు గేదెలున్నాయండీ అంది. ఆవిడ ఇంట్లో ఫ్రిజ్జుంది, మనవరాలు గణపవరంలో డిగ్రీ చదువుతోంది. ఆకలేసి దిగారా అంటే, ఆ రోజు పొద్దున్న ఇంట్లో ముందే చేపల కూర ఉందని చెప్పారు.

కుటుంబ పరిస్థితి అడిగాను. మీరు చెరువులో ఉన్నప్పుడు మీ ఇంట్లో మగవాళ్ళు ఎక్కడున్నారన్నాను. ఇళ్ళల్లోనే ఉన్నారట. ఏం చేస్తున్నారట? అంగన్‌వాడీ టీచరు భర్త తలొంచుకుని, "మసాలా నూరుతున్నామండీ" అన్నాడు. ఇంత గట్టిగా ముడిపడ్డ కుటుంబాలను నేను నా సర్వీసులో చూడలేదు.

చివరికి సావాసం మీద ఆశ పెట్టుకున్నాను. మిమ్మల్ని ఈ పనికి తీసుకెళ్ళింది ఎవరమ్మా అని అడిగితే ఎనిమిది వేళ్ళు పెద్దావిడ వైపు తిరిగాయి. పెద్దావిడకు నేర్పిందెవరని అడిగాను. ఆవిడ గోడ మీద దండ వేసిన ఫోటో చూపించింది. వాళ్ళ అత్తగారు. ఆవిడకు ఎవరు నేర్పారని అడగబోయి మానుకున్నాను. ఆ వరస పట్టుకుపోతే కొల్లేరు పుట్టిన రోజుకు చేరేట్టున్నాను.

"అసలు ఎందుకు దిగారండీ?" అన్నాను, కాగితం మడిచి. అది నా సర్వీసులో మొదటిసారి నిజంగా తెలియక అడిగిన ప్రశ్న.

"పరిగండీ" అంది పెద్దావిడ, అది కూడా తెలీదా అన్నట్టు.

పరిగ నాకు తెలుసు. వరి కోసుకున్నాక చేలో రాలిన కంకులు బీదాబిక్కీ ఏరుకుంటారు, ఏ రైతూ కాదనడు. వాళ్ళ ఊళ్ళో చేపలకూ పరిగ ఉంది. చెరువు ఎండగట్టి, వలలు లాగి, పెద్ద చేపంతా లారీలకు ఎక్కించాక బురదలో చిల్లర చేప మిగులుతుంది. ఆసామి గట్టెక్కగానే ఊరి ఆడవాళ్ళు దిగుతారు. మగవాళ్ళకు ప్రవేశం లేదు. అందులో జెల్లలు, కొర్రమీనులు ఎవరూ పెంచినవి కావు, వాటంతటవే వచ్చినవి. "ఆయనేసిన పిల్ల కాదండీ అది, కొల్లేరు పెట్టిన పిల్ల" అంది పెద్దావిడ. మరి ఆసామి పెంచిన శీలావతులు కూడా రెండు మూడు పట్టారట కదా అన్నాను. ఆవిడ ఏమాత్రం దాచకుండా ఒప్పుకుంది. బురదలో చేతికి తగిలిన చేపను పేరడిగి పట్టుకోలేం కదండీ అంది.

పాత ఆసామి ఉన్నన్నాళ్ళూ ఇది ఆచారం. ఆయన లీజు ముగిసి, మెట్ట ప్రాంతం నుంచి ఈ కొత్తాయన వచ్చాడు. ఆయన పొగాకు పండించిన మనిషి, చేపల పరిగ ఎప్పుడూ వినలేదు. అదే బురద, అదే ఆడవాళ్ళు, అదే చేప. ఆసామి మారేసరికి ఆచారం కాస్తా నేరమైంది. నాకు ఒళ్ళు ఝల్లుమంది. కొత్తలో వచ్చిన పులకింత అంత కాలం తరవాత మళ్ళీ వచ్చింది. మనుషులు నేరం ఎందుకు చేస్తారని ముప్పై ఏళ్ళు అడిగాను. మనుషులు ఎప్పుడూ చేసే పనిని నేరమని ఎవరు, ఏ రోజు నుంచి అంటారని ఒక్కసారీ అడగలేదు.

నేను ఇదంతా కాగితం మీద గబగబా రాసుకుంటుంటే పెద్దావిడ నా మోకాలి మీద చెయ్యి వేసి, "రాసుకుంటే ఏం తెలుత్తాదండీ? పక్క గట్టు మీద పాతాయన చెరువు ఇయ్యాలే పడతన్నారు. వచ్చి చూడండి" అంది.

పాతాయనకు ఇంకో చెరువుంది. మేము వెళ్ళేసరికి ఆఖరి లారీ కదులుతోంది. ఆయన గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళను చూసి తువ్వాలు ఊపాడు. అంతే, ఆ తువ్వాలే అనుమతి పత్రం. తొమ్మిదిమందీ, వాళ్ళ వెనక ఇంకో పదిమందీ, చీరలు పైకి దోపుకుని కేకలు పెడుతూ దిగారు. కోర్టులో బిక్కమొహంతో ఉన్న అంగన్‌వాడీ టీచరు అందరికంటే ముందు దిగింది. మోకాలి లోతు బురదలో పరుగెడుతూ, పడుతూ, లేస్తూ, చేతిలో జెల్ల పట్టుకుని నావైపు ఊపింది. తరవాత నేను అడిగితే చెప్పింది. "ఏడాదిలో మూడొందల అరవై రోజులూ నేను టీచర్నండీ. నడక, కట్టు, మాట, అన్నీ జాగ్రత్తే. ఈ ఒక్కపూట ఎవరూ నన్ను టీచరుగారూ అనరు" అంది.

గట్టు చివర నిలబడి బాగా చూడాలని ఒక అడుగు ముందుకు వేశాను. ఆ అడుగు విషయంలో నా తప్పు ఎంత, బురద తప్పు ఎంత అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. కాలు జారి కూలబడి, కూర్చున్న భంగిమలోనే జర్రున జారి, చెప్పులు గట్టు మీద, నేను చెరువులో. ఇరవై గొంతులు ఒక్కసారి అమ్మగారండీ అన్నాయి. లేవబోయి చెయ్యి ఊనితే చేతి కింద ఏదో కదిలింది. బలంగా, చల్లగా, ప్రాణంతో.

ఇక్కడ మీకు గుర్తు చెయ్యాలి, మా ఇంట్లో చేప అన్న మాట కూడా వంటింట్లో అనరు. నేను యాభై తొమ్మిదేళ్ళలో చేపను తాకలేదు. చెయ్యి వెనక్కి తీసుకోవాలి కదా. తీసుకోలేదు. రెండో చెయ్యి కూడా పెట్టాను.

"మెడ కాడ పట్టుకోండమ్మా, మెడ కాడ" అని పెద్దావిడ అరిచింది. చేపకు మెడెక్కడుంటుందో నాకు తెలియదు. ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకుని పైకెత్తాను. మోచేతంత కొర్రమీను. అది నా మొహం మీద తోకతో ఒక్కటిచ్చింది. నేను నవ్వడం మొదలుపెట్టాను. ఎందుకో తెలియదు. కళ్ళద్దాల నిండా బురద, ఏమీ కనపడడం లేదు, చేతుల్లో చేప ఎగురుతోంది, కడుపు పట్టుకుందామంటే చేతులు ఖాళీ లేవు. నా పెళ్ళిలో కూడా అంత నవ్వలేదు. చేప జారిపోయింది. నేను దాని వెనక పడ్డాను. మోకాళ్ళ నొప్పి ఎటు పోయిందో. గెజిటెడ్ ఆఫీసరునన్న సంగతి ఎటు పోయిందో.

ఇంజను నీళ్ళ కింద నిలబెట్టి నన్ను కడిగారు. పెద్దావిడ చీర కట్టి పంపారు. ఏలూరులో మధ్యాహ్నం ప్యాసింజరు ఎక్కి ఆడవాళ్ళ పెట్టెలో కూర్చున్నాను. రెండు నిమిషాల్లో నా బెంచీ ఖాళీ అయింది. మామూలుగా నన్ను చూసి జరిగి చోటిచ్చే ఆడవాళ్ళు, ఆ చీరనూ ఆ వాసననూ చూసి ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకున్నారు. అది సరే. ఎదురుగా కూర్చున్నావిడ తన హ్యాండ్‌బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. భీమడోలు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఆ బ్యాగు వదలలేదు. ముద్ర వెయ్యడం గురించి పరీక్షలో ఇరవై మార్కుల జవాబు రాసినదాన్ని నేను. అదేమిటో ఆ రోజు రైల్లో తెలిసింది. మా ఆయన తలుపు తీసి, నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసి, వెళ్ళి ఇంట్లో కిటికీలన్నీ తెరిచారు.

ఈసారి రిపోర్టు చేత్తో రాశాను. తొమ్మిదిమందికీ కలిపి మూడు పేజీలు. పరిగ ఆచారం రాశాను. వీళ్ళను చెడగొట్టిన సావాసం వీళ్ళదేనని, తెగిన బంధమేదీ లేదని, ఉన్న బంధాల వల్లనే దిగారని రాశాను. ఒక్కరు మానేసినా మిగతా ఎనిమిదిమంది ఏడాదంతా దెప్పుతారని కూడా రాశాను. చివరి పేరాలో కలం ఆగింది. విచారణకు వెళ్ళి నేనే చెరువులో దిగాను, చేప పట్టాను. ఆ సంగతి రాయకపోతే కూడా అది ఇంకో అబద్ధపు రిపోర్టే అవుతుంది. రాస్తే ఏమవుతుందో తెలియదు. ఆపరేటరుగారు నా భుజం మీదుగా చదివి, "మేడమ్, పది నెలల్లో రిటైర్మెంటండీ. ఈ పేరా ఒక్కటీ నేను టైపు చెయ్యడం మరిచిపోనా?" అన్నారు. ఎంత మంచి మనిషో. వద్దన్నాను.

వాయిదా రోజున హాలు మళ్ళీ నిండింది. మోటారు సైకిలు కథ ఏలూరంతా పాకి, కేసు లేని ప్లీడర్లు కూడా వచ్చి కూర్చున్నారు. మేజిస్ట్రేటుగారు మూడు పేజీలూ తనలో తాను చదువుకున్నారు. చివరి పేరా రెండుసార్లు చదివారు. తలెత్తారు.

"మీరు దిగారా మేడమ్ గారూ?"

"జారానండి. తరవాత దిగానండి."

"పట్టారా?"

"ఒకటి పట్టానండి. నిలవలేదండి."

వెనకాల పెద్దావిడ, మెడ కాడ పట్టుకోమని చెప్పేనండీ అంది. హాలు ఊగిపోయింది. మేజిస్ట్రేటుగారి పెదవి ఒక చివర కదిలిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

"ఎందుకు దిగారని అడిగితే ఏం చెబుతారు?" అన్నారు.

అంత చదువూ, అంత సర్వీసూ వెనకేసుకుని నిలబడ్డాను. నోటికొచ్చింది ఒక్కటే. "బాగుందండి" అన్నాను.

ఆయన చాలాసేపు రాసుకున్నారు. తరవాత తీర్పు చెప్పారు. ముద్దాయిలు చెరువు వేరొకరి స్వాధీనంలో ఉండగా అనుమతి లేకుండా దిగారు కాబట్టి తప్పే. అయితే మొదటి తప్పు, తీసుకున్నది స్వల్పం, ఊరి ఆచారమన్న నమ్మకంతో చేశారు. మందలించి వదిలిపెడుతున్నానన్నారు. ప్రొబేషన్ చట్టం ప్రకారం ఈ కేసు వల్ల ఎవరి ఉద్యోగానికీ అడ్డు రాకూడదని విడిగా చదివి వినిపించారు. అంగన్‌వాడీ టీచరు పక్కనున్నావిడ భుజం మీద తల పెట్టేసింది. గుమ్మం దగ్గర క్యారేజీ కింద పడిన చప్పుడైంది.

మందలింపు ఒకే వాక్యం. ఇకమీదట అడిగి దిగండి అన్నారు. ఎవర్నడగాలండీ అంది పెద్దావిడ. మేజిస్ట్రేటుగారు బెంచీ చివర కూర్చున్న ఫిర్యాదుదారు వైపు చూపించారు. ఆడవాళ్ళందరూ అతన్ని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశారు.

అందరూ మెట్లు దిగుతుంటే పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "మేమెందుకు దిగామో మీరు అంత దూరం వచ్చి అడిగేరు కదండీ. ఆయన మా మీద కేసెందుకు పెట్టేడో ఎవరన్నా అడిగేరా?" అంది.

అడగలేదు. మా ఫారంలో ఫిర్యాదు చేసినవాడికి గడి లేదు. నేను వెనక్కి తిరిగి వెళ్ళి అతన్ని ఆపాను. చెరువు పాడు చేశారనా, చేప పోయిందనా అని అడిగాను.  అతను ఇస్త్రీ చొక్కా చేతులు సవరించుకుంటూ నెమ్మదిగా చెప్పాడు. మెట్ట నుంచి వచ్చినవాడినని, చేపకు మేత వెయ్యడం రాదని, పడవ ఎక్కితే తూలతానని ఊళ్ళో మగవాళ్ళు ఏడాదంతా ఎగతాళి చేశారట. చేప నాలుగు తట్టలు పోతే పోనీ అనుకున్నాడట. "కానండీ, వాళ్ళు అంతమంది నవ్వుకుంటా దిగేరండి. నేను గట్టు మీదున్నాను. నన్ను చూసే నవ్వుతున్నారనుకున్నానండి" అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి.

పెద్దావిడ నా వెనకే వచ్చి అంతా విన్నది.  "నిన్ను చూసి కాదు నాయనా. అసలు నువ్వున్నావనే మాకు తెలీదు. మా చిన్నకోడలు కొత్త చీర కట్టుకొచ్చి బురదలో కూలబడింది, దాన్ని చూసి నవ్వేం" అంది.

తొమ్మిదిమందిలో ఒకతైన ఆ చిన్నకోడలు పక్కనే నిలబడి మూతి ముడిచింది. ఎలా పడిందో చూపించమని మిగతావాళ్ళు అడిగారు. కోర్టు మెట్ల మీద, ప్లీడర్ల ముందు, ఆ అమ్మాయి కొంగు దోపుకుని ఒక కాలు ముందుకు జార్చి చూపించింది. అతను ముందు తల తిప్పుకున్నాడు. తరవాత భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని అందరికీ తెలిశాక ఇంక దాచలేదు. మెట్టు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

పెద్దావిడ అతను తేరుకునేదాకా ఆగింది. తరవాత మేజిస్ట్రేటుగారు చెప్పినట్టే అడిగింది. "బాబుగారండీ, మళ్ళీ చెరువెప్పుడు పడతారండీ?"